మన నాలుకపై మిగిలిన అజ్ఞాన కాలం

హజ్రత్ బిలాల్ (రజి) పేరు వినగానే మన హృదయాలు పులకిస్తాయి. మన బిడ్డలకు ఆ పేరు పెట్టుకుంటాము. మక్కా విజయం నాడు కాబా కప్పుపై నిలిచి ఆయన అజాన్ పలికిన ఉదంతాన్ని వారికి వినిపిస్తాము. అయితే అదే దేహవర్ణం గల మనిషి నేడు మన వీధిలో ఎదురైతే మన నాలుక ఏమి పలుకుతున్నది?

హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ సమీపాన ఏ.సీ. గార్డ్స్ అనే బస్తీ ఉన్నది. ఏ.సీ. అనగా 'ఆఫ్రికన్ కావల్రీ'. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానం నుండి నిజాం కొలువుకు చేరిన ఆఫ్రికా మూలాల ఆశ్వికదళం పేరు అది. 1948 తరువాత ఆ దళం రద్దయింది. కొలువు పోయినది, కుటుంబాలు మిగిలాయి. వారి వారసులైన సిద్దీలు తరతరాలుగా ఇక్కడే పుట్టి, మన మస్జిదులలో మన భుజానికి భుజం ఆనించి నమాజు చేస్తున్నారు. వారి మర్ఫా వాద్యాన్ని మనం పెళ్లి ఊరేగింపుకు ముచ్చటగా పిలుచుకుంటాము. ఆ వాద్యకారుని ఇంటితో వియ్యమందుటకు మనలో ఎందరు సిద్ధంగా ఉన్నారు?

వెస్టిండీస్ మాజీ క్రికెట్ సారథి డారెన్ సామీ హైదరాబాద్ జట్టు తరఫున ఆడిన రోజులలో తనను 'కాలూ' అని పిలిచేవారని 2020లో వెల్లడించారు. ఆ మాటకు బలశాలి అని అర్థమేమోనని ఆయన అప్పట్లో భావించారట. నిజం తెలిసిన తరువాత ఆగ్రహించారు. ఆ పదం క్రీడా మైదానంలో పుట్టినది కాదు. నల్లగా ఉన్న పిల్లవాణ్ణి ముద్దు పేరిట అలా పిలిచే ఇళ్లలో, తెల్లని కోడలి కోసమే వెదికే ఇళ్లలో అది పెరిగింది.

హజ్రత్ అబూజర్ (రజి) ఒకసారి కోపంలో ఒక వ్యక్తిని అతని తల్లి విషయమై హేళన చేశారు. ఆ వ్యక్తి నల్లజాతి తల్లికి జన్మించిన హజ్రత్ బిలాలేనని వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. దైవప్రవక్త (సఅసం) దానిని చిన్న మాటగా కొట్టివేయలేదు. అబూజర్‌లో ఇంకా అజ్ఞాన కాలపు లక్షణం మిగిలి ఉన్నదని హెచ్చరించారు. అంతటి సహాబీకే ఆ హెచ్చరిక అవసరమైనప్పుడు మన సంగతి చెప్పనేల?

సోదరుడు పీడకుడైనా, పీడితుడైనా అతనికి సహాయపడమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. పీడకునికి సహాయమెలాగని సహాబీలు అడుగగా, అతని దౌర్జన్యాన్ని ఆపడమే అతనికి చేసే సహాయమని వివరించారు. తోడు నిలవడం అంటే ఇదే. హేళన విని నవ్వకుండా ఊరుకుంటే సరిపోదు. అన్నవాడు మన తమ్ముడైనా, మన పెదనాన్నగారైనా, సమయం చూసి మర్యాదగా వారించాలి.

తోడుకు మరొక ముఖం ఉన్నది. 2007 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించిన ముస్లిం వర్గాలలో సిద్దీ, హబ్షీ పేర్లు ఉన్నవి. చట్టంలో హక్కుగా నమోదైన పేరే మన నోట తిట్టుగా మారడం ఎంత విషాదం! మీ బస్తీలో సిద్దీ కుటుంబపు బిడ్డ చదువుకుంటుంటే, అడిగి తెలుసుకుని, ధ్రువపత్రం కోసం మీసేవ కేంద్రానికి వెంట వెళ్లండి. అయితే వారి తరఫున మీరే మాట్లాడవద్దు. తమకు ఏది కావాలో వారు చెప్పగలరు. మస్జిద్ కమిటీలో, మొహల్లా సమావేశంలో వారికి కుర్చీ వేసి, ముందుగా వినండి.

ఈ మాసం మీ ఇంట భోజనాల వేళ పిల్లలను ఒక ప్రశ్న అడగండి: బడిలో రంగును బట్టి ఎవరిని ఏమని పిలుస్తున్నారు? వారు చెప్పే జవాబుతోనే పని మొదలుపెట్టండి.