దండయెముకను చుట్టిన నరము

రామానాయుడు స్టూడియో నెలకొన్న ఫిల్మ్ నగర్ పరిసరములందు, కథానాయకునికి మారుగా మిద్దెపైనుండి దూకు డూపునకును, త్రాడుపై వ్రేలాడు ఫైటరునకును చేతులే జీవనాధారము. 1988లో జూబిలీ హిల్స్‌యందు అపోలో ఆస్పత్రి వెలసిన నాటినుండి పెద్ద శస్త్రచికిత్సలు వారి ముంగిటికే వచ్చినవి. దండచేయి విరిగినపుడు ఎముక అతుకునా యని రోగి అడుగును. నరము నిలుచునా యని శస్త్రవైద్యుడు విచారించును.

భుజమునుండి మోచేతివరకు గల దండయెముక వెనుకభాగమును రేడియల్ నరము ఏటవాలుగా చుట్టుకొని దిగును. పెద్దవారిలో మోచేతి వెలుపలి బుడిపెకు సుమారు 14 సెంటీమీటర్ల ఎత్తువరకు ఎముకను అంటిపెట్టుకొని యుండి, 10 సెంటీమీటర్ల ఎత్తున కండరముల నడిమి పొరను తొలుచుకొని ముందునకు వచ్చును. ఆ పొరయొద్ద అది కదలుటకు చోటు చాలదు. క్రింది మూడవ భాగమున ఎముక ఏటవాలుగా విరిగినచో నరము చిక్కుకొను ప్రమాదమును 1963లో హోల్‌స్టీన్, లూయిస్ అను వైద్యులు వివరించిరి. ఈ నరము దెబ్బతిన్నచో మణికట్టు వ్రేలాడిపోవును. పిడికిలి బిగించు కండరములు చెడకున్నను, మణికట్టు నిలువనందున త్రాడుమీది పట్టు సడలును.

కావుననే కోత ఎచట పెట్టవలెనన్నది ప్రధాన నిర్ణయము. వెనుకనుండి ప్రవేశించు వైద్యుడు మొదట నరమును వెదకి, కంటికెదురుగా నుంచుకొని, పిమ్మట ప్లేటు బిగించును. ముందునుండి పోవునపుడు కండరమును నడుమ చీల్చి, దాని వెలుపలి సగమును నరమునకు కవచముగా నిలుపును. భుజాగ్రమునకు 5 నుండి 7 సెంటీమీటర్ల దిగువన ఆక్సిలరీ నరము అడ్డముగా సాగును గనుక అచటి కోతయు మితముగా నుండవలెను.

అయినను భయపడవలసినది తక్కువ. నడిమి దండయెముక విరిగినవారిలో నూటికి సుమారు 12 మందికి నరము దెబ్బతినినను, వారిలో మూడింట రెండువంతులకు మించి శస్త్రచికిత్స లేకయే కోలుకొందురు. తెగిన నరపుపోగు దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగును గాన నెలల ఓర్పు కావలెను; అంతవరకు కీళ్లు బిగిసిపోకుండ పట్టీయు వ్యాయామమును విడువరాదు.

శస్త్రచికిత్సకు ముందు మణికట్టును, బొటనవ్రేలిని పైకెత్తించి చూచి, ఫలితమును కాగితముపై వ్రాయించుకొనుడు. పిమ్మటను అట్లే చూడుడు. దెబ్బ గాయమువలననో, శస్త్రమువలననో తేల్చునది ఆ వ్రాతయే. ఏ మార్గమున కోయుదురు, నరమునెట్లు కాపాడుదురు అని అడుగుట రోగి హక్కు. విప్పి చెప్పుట వైద్యుని ధర్మము.