గోదావరి డెల్టాలో క్యాన్సర్: పల్లె లెక్క, పట్నం లెక్క

తూర్పుగోదావరి జిల్లా బిక్కవోలు మండలంలోని బలభద్రపురంలో క్యాన్సర్ రోగులు అధికంగా ఉన్నారన్న వార్తలపై 2025 మార్చిలో వైద్యబృందాలు ఇంటింటి సర్వే జరిపాయి. ఇటువంటి సర్వే తేల్చేది ఆనాటికి ఉన్న రోగుల సంఖ్యను. పల్లెను పట్నంతో పోల్చడానికి కావలసినది వేరు: ఏడాదిలో లక్ష జనాభాకు కొత్తగా వ్యాధి నిర్ధారణ అయినవారి సంఖ్య. 10,000 జనాభా గల ఊరిలో ఒక ఏడాది 5 కేసులు పెరిగితే చాలు, రేటు లక్షకు 50 పెరుగుతుంది. అది యాదృచ్ఛికమూ కావచ్చు. కనుక కొన్నేళ్ల లెక్కలు కలిపి చూడాలి. పైగా యువత రాజమహేంద్రవరానికో హైదరాబాదుకో తరలిపోయిన పల్లెలో వృద్ధుల పాలు ఎక్కువ. వయసుకు సవరించని పోలిక చెల్లదు.

మహారాష్ట్రలోని బార్శీలో 1987లో ఆరంభమైన గ్రామీణ రిజిస్ట్రీ మహానగరాలకంటె తక్కువ రేట్లనే చూపింది. అంతమాత్రాన డెల్టా రైతు నిశ్చింతగా ఉండరాదు. కీటకనాశిని మలాథియాన్‌ను, కలుపుమందు గ్లైఫోసేట్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో 'మానవులలో బహుశా క్యాన్సర్ కారకాలు' అన్న వర్గంలో చేర్చింది. ఈ వర్గీకరణ పదార్థ స్వభావాన్ని చెబుతుందే కాని, వరిచేలో మందు కొట్టే కూలీకి ముప్పు ఎంతో చెప్పదు. అది తెలియాలంటే రోగి నమోదులో నివాస గ్రామం, వృత్తి, పిచికారీ చేసిన సంవత్సరాలు ఉండి తీరాలి. చికిత్సకై విశాఖపట్నం వెళ్లినవారికి అక్కడి కూతురింటి చిరునామా రాసుకుంటే, ఆ కేసు పట్నం ఖాతాలో పడుతుంది.