గోదావరి రేవులో చైతన్యుడు, రామానంద రాయలు

శ్రీకృష్ణ చైతన్య మహాప్రభువు దక్షిణ దేశ యాత్రకు బయలుదేరి గోదావరి ఒడ్డున రామానంద రాయలను కలుసుకున్నది 1510లో. ఒకరు అప్పటికి కొద్ది నెలల కిందటే కాషాయం కట్టిన ఇరవై నాలుగేళ్ల వంగదేశపు సన్న్యాసి. మరొకరు గజపతి చక్రవర్తి తరఫున ఈ ప్రాంతాన్ని ఏలుతున్న అధికారి, భార్యాబిడ్డలున్న గృహస్థు. ఇద్దరూ పది రాత్రులు కూర్చుని భక్తిని గురించి మాట్లాడుకున్నారు. అడిగినవాడు సన్న్యాసి, చెప్పినవాడు సంసారి. గౌడీయ వైష్ణవ సంప్రదాయం తన సిద్ధాంతసారమంతా ఆ సంభాషణలోనే ఉందని నమ్ముతుంది. యాత్రలో మహాత్ముణ్ణి కలుసుకున్న కథలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి. వాటిలో గోదావరి తీరానికి దక్కిన ఈ ఘట్టానిది ప్రత్యేక స్థానం.

యాత్రికుడు

చైతన్యుడు 1486లో ఫాల్గుణ పూర్ణిమనాడు నవద్వీపంలో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు విశ్వంభరుడు, ముద్దుపేరు నిమాయి. చిన్న వయసులోనే పాఠశాల పెట్టి వ్యాకరణం చెప్పిన పండితుడు. గయలో పితృకార్యానికి వెళ్లినప్పుడు ఈశ్వరపురి అనే యతి దగ్గర మంత్రోపదేశం పొందాడు. ఆ తర్వాత ఆయన జీవితం కృష్ణనామ సంకీర్తనగా మారిపోయింది. 1510 మాఘమాసంలో కాట్వాలో కేశవభారతి దగ్గర సన్న్యాసం తీసుకుని పూరీ చేరాడు. అక్కడ సార్వభౌమ భట్టాచార్యుడనే అద్వైత వేదాంతి ఆయనకు వేదాంతం బోధించబోయి, చివరకు తానే ఆయన భక్తుడయ్యాడు.

వైశాఖం రాగానే చైతన్యుడు దక్షిణాదికి బయలుదేరాడు. సన్న్యాసం తీసుకుని దేశాంతరం వెళ్లిపోయిన అన్న విశ్వరూపుణ్ణి వెతకడానికి వెళ్తున్నానని చెప్పాడు. వెంట కృష్ణదాసు అనే బ్రాహ్మణుణ్ణి ఒక్కణ్ణే తీసుకెళ్లాడు. బయలుదేరే ముందు సార్వభౌముడు ఒక కోరిక కోరాడు. గోదావరి తీరంలో విద్యానగర అధికారి రామానంద రాయలున్నాడనీ, శూద్రుడనీ సంసారంలో ఉన్నవాడనీ తలచి ఆయనను ఉపేక్షించవద్దనీ, తప్పక కలవమనీ చెప్పాడు. ఒకప్పుడు రామానందుడి భక్తిమాటలు అర్థంకాక తానే పరిహసించానని ఒప్పుకున్నాడు కూడా. ఇక్కడ యాత్రికుడికి దారి చూపినది క్షేత్ర మహాత్మ్యం కాదు, ఒక మనిషి గొప్పతనం.

పూరీ నుంచి ఆలాలనాథ్ మీదుగా ఆయన మొదట శ్రీకూర్మం చేరాడు. అక్కడ కూర్ముడనే బ్రాహ్మణ గృహస్థు ఆతిథ్యమిచ్చి, తననూ వెంట తీసుకెళ్లమని ప్రాధేయపడ్డాడు. చైతన్యుడు ఒప్పుకోలేదు. ఇంట్లోనే ఉండి, కనిపించిన ప్రతివారికీ కృష్ణభక్తి చెబుతూ గురువు కమ్మని ఆజ్ఞాపించాడు. కుష్ఠు వ్యాధితో బాధపడుతున్న వాసుదేవుణ్ణి ఆయన కౌగిలించుకోగా వ్యాధి మాయమైందని ఆయన చరిత్ర రాసిన భక్తులు చెప్పే కథ కూడా ఈ క్షేత్రానిదే. అక్కడి నుంచి సింహాచలం వెళ్లి నరసింహస్వామిని దర్శించుకుని గోదావరి దారి పట్టాడు.

అధికారి

1510 నాటికి రాజమహేంద్రవరం గజపతుల ఏలుబడిలో ఉంది. కటకం రాజధానిగా 1497 నుంచి ప్రతాపరుద్ర గజపతి పాలిస్తున్నాడు. హంపీలో శ్రీకృష్ణదేవరాయలు సింహాసనమెక్కి ఏడాది మాత్రమే అయింది. రెండు రాజ్యాల మధ్య కోస్తాంధ్ర సరిహద్దు సీమ. అలాంటి చోట అధికారి అంటే పన్నులు, సైన్యం, న్యాయం అన్నీ చూడవలసినవాడు.

రామానంద రాయలు భవానంద రాయల కుమారుడు. అయిదుగురు అన్నదమ్ములు. వాళ్లలో గోపీనాథ పట్టనాయకుడి వంటివారు కూడా రాజోద్యోగులే. వాళ్లది లెక్కలూ దస్తావేజులూ చూసే కరణ కులం. రామానందుడు సంస్కృతంలో కవి, సంగీతజ్ఞుడు. ఆయన రాసిన ‘జగన్నాథ వల్లభ నాటకం’ అయిదు అంకాల గేయనాటకం. పల్లకిలో తిరిగే అధికారి మనసులో ఇంత రసజ్ఞత, ఇంత భక్తి ఉన్న సంగతి దగ్గరివాళ్లకు తప్ప తెలియదు.

రేవులో కలయిక

ఈ కలయికను విపులంగా చెప్పిన గ్రంథం కృష్ణదాస కవిరాజు బెంగాలీలో రాసిన ‘చైతన్య చరితామృతం’. అందులోని మధ్యలీల ఎనిమిదో అధ్యాయమంతా ఇదే. గోదావరిని చూడగానే చైతన్యుడికి యమున గుర్తుకొచ్చిందనీ, ఒడ్డున ఉన్న అడవి బృందావనంలా తోచిందనీ కవిరాజు రాశాడు. ఆయన నది దాటి అవతలి ఒడ్డున స్నానం చేసి, రేవుకు కాస్త ఎడంగా నీళ్ల దగ్గర కూర్చుని నామం చెప్పుకుంటున్నాడు.

అంతలో మేళతాళాలతో, వేదం చదువుకున్న బ్రాహ్మణుల పరివారంతో రామానందుడు పల్లకిలో స్నానానికి వచ్చాడు. విధిప్రకారం స్నానం, తర్పణం ముగించాడు. వచ్చినవాడు ఆయనేనని చైతన్యుడు చూడగానే గ్రహించాడు. లేచి వెళ్లి కలవాలని మనసు ఉరకలు వేసినా ఓపిక పట్టి కూర్చున్నాడు. సూర్యతేజస్సుతో వెలిగిపోతున్న ఆ యతిని చూసి రామానందుడే దగ్గరకు వచ్చి సాష్టాంగపడ్డాడు. నువ్వు రామానంద రాయలవేనా అని చైతన్యుడు అడిగాడు. అవును, నేనే ఆ అల్పుడైన శూద్ర దాసుణ్ణి అని ఆయన బదులిచ్చాడు. మరుక్షణం చైతన్యుడు ఆయనను గట్టిగా కౌగిలించుకున్నాడు. ఇద్దరికీ ఒళ్లు వణికి కన్నీళ్లు ధారలు కట్టాయి.

చుట్టూ ఉన్న బ్రాహ్మణులు నిర్ఘాంతపోయారు. బ్రహ్మతేజస్సుతో ఉన్న సన్న్యాసి శూద్రుణ్ణి కౌగిలించుకుని ఏడవడమేమిటి? గంభీరుడూ పండితుడూ అయిన తమ ప్రభువు సన్న్యాసి స్పర్శకే ఇలా చలించిపోవడమేమిటి? వాళ్ల కలవరం గమనించి చైతన్యుడు తనను తాను నిగ్రహించుకున్నాడు. సన్న్యాసి అధికారులకూ ధనవంతులకూ దూరంగా ఉండాలన్నది ఆనాటి ఆచారం, కులభేదం సరేసరి. ఆ కౌగిలి ఈ రెండు హద్దులనూ ఒకేసారి దాటింది.

ఆ రోజు చైతన్యుడికి భిక్ష ఒక వైదిక బ్రాహ్మణుడి ఇంట్లో. సాయంత్రం చీకటిపడే వేళ రామానందుడు పల్లకీ మేళమూ లేకుండా ఒక్క సేవకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఏకాంతంగా కూర్చున్నారు.

పది రాత్రుల ప్రశ్నోత్తరాలు

మనిషి జీవితంలో సాధించవలసినది ఏమిటి, దానికి ప్రమాణమేమిటి అన్నది చైతన్యుడి ప్రశ్న. రామానందుడు చెప్పిన ప్రతి జవాబుకూ శాస్త్ర వచనం చూపించాడు. మొదట విష్ణుపురాణం ఆధారంగా, ఎవరి వర్ణాశ్రమ ధర్మాన్ని వాళ్లు ఆచరిస్తే విష్ణుభక్తి కలుగుతుందన్నాడు. అది పైపై మాట అని చైతన్యుడు ఇంకా లోపలికి వెళ్లమన్నాడు. చేసే పనులన్నీ భగవంతుడికి అర్పించాలని గీత తొమ్మిదో అధ్యాయం చూపిస్తే, అదీ పైమాటే అన్నాడు. అన్ని ధర్మాలనూ విడిచి శరణాగతి పొందాలన్న గీతా చరమశ్లోకాన్నీ, జ్ఞానంతో కలిసిన భక్తినీ కూడా అలాగే దాటించాడు.

వరుస చూస్తే ఇందులోని క్రమం తెలుస్తుంది. మొదటిది సమాజంలో మనిషి నిర్వహించే బాధ్యత. రెండోది దాని ఫలితాన్ని దేవుడికి వదిలెయ్యడం. మూడోది పాపభయం లేకుండా శరణు వేడడం. నాలుగోది బ్రహ్మజ్ఞానంతో కలిగే ప్రశాంతత. నాలుగింటిలోనూ మనిషి దృష్టి ఎంతో కొంత తన మేలు మీదే ఉంది. కేవల ప్రేమ అక్కడ ఇంకా మొదలు కాలేదు.

జ్ఞానప్రయాసను వదిలి, ఉన్నచోటనే ఉండి, సత్పురుషుల నోట భగవత్కథ వినడమే మేలన్న భాగవత దశమస్కంధంలోని బ్రహ్మస్తుతిని రామానందుడు చెప్పినప్పుడు చైతన్యుడు మొదటిసారి సరేనన్నాడు, అయినా ముందుకు చెప్పమన్నాడు. అక్కడి నుంచి మాట ప్రేమభక్తిలోకి వెళ్లింది. దాస్యంలో భక్తుడు సేవకుడు, స్వామి ప్రభువు. సఖ్యంలో గోపబాలురు కృష్ణుడి భుజాలెక్కి ఆడుకున్నారు, అక్కడ ప్రభువనే జంకు లేదు. వాత్సల్యంలో యశోద ఆయనను రోటికి కట్టింది, అక్కడ దేవుడే తల్లి చేతి కింద ఉన్నాడు. కాంతాభావంలో గోపికలు సర్వస్వమూ ఇచ్చేశారు. ఒక్కో మెట్టులో భయం తగ్గి చనువు పెరుగుతుంది, ముందు మెట్టులోని గుణం తరువాతి మెట్టులో కలిసే ఉంటుంది. అన్నిటికన్నా మిన్న రాధాప్రేమ అని రామానందుడు చెప్పి, చివరకు తాను కట్టిన ఒక పాట పాడాడు. అంత రహస్యమైన అనుభవం బయటికి రాకూడదన్నట్టు చైతన్యుడు ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టాడని కవిరాజు రాశాడు.

మరో రాత్రి చిన్నచిన్న ప్రశ్నలు సాగాయి. విద్యల్లో మేటి ఏదంటే కృష్ణభక్తి అనీ, దుఃఖాల్లో పెద్దది ఏదంటే భక్తుల ఎడబాటనీ రామానందుడు చెప్పాడు. చివరికి ఆయనకు ఎదురుగా ఉన్న సన్న్యాసిలో రాధాకృష్ణులు ఒకే రూపంగా కనిపించారనీ, ఆ దర్శనానికి మూర్ఛపోయాడనీ సంప్రదాయం చెబుతుంది. చైతన్యుణ్ణి రాధాభావంతో వచ్చిన కృష్ణుడిగా కొలిచే గౌడీయుల నమ్మకానికి ఈ ఘట్టం పెద్ద ఆధారం.

ఎవరు గురువు?

సంభాషణ మధ్యలో రామానందుడు సంకోచించాడు. సన్న్యాసికి బోధించడానికి తనకు అర్హత లేదన్నాడు. బ్రాహ్మణుడైనా, సన్న్యాసి అయినా, శూద్రుడైనా కృష్ణతత్త్వం తెలిసినవాడే గురువని చైతన్యుడు స్పష్టంగా జవాబిచ్చాడు. తాను సన్న్యాసినన్న కారణంతో చెప్పకుండా దాచవద్దని కోరాడు. ఈ సమాగమం మొత్తానికీ ఇదే గుండెకాయ. శ్రీకూర్మంలో గృహస్థును గురువు కమ్మన్న మనిషి, గోదావరి ఒడ్డున గృహస్థు ముందు శిష్యుడిలా కూర్చుని ఆ మాటను తన నడవడితో నిరూపించాడు.

తర్వాత పూరీలోనూ ఇదే పాఠం మరొకరికి అందింది. ప్రద్యుమ్న మిశ్రుడనే బ్రాహ్మణుడు కృష్ణకథ చెప్పమని అడిగితే చైతన్యుడు ఆయనను రామానందుడి దగ్గరకు పంపాడు. ఆ సమయంలో రామానందుడు తన నాటకం కోసం ఇద్దరు దేవదాసీలకు అభినయం నేర్పుతున్నాడని విని మిశ్రుడు మనసు విరిగి వెనక్కి వచ్చాడు. చైతన్యుడు రామానందుడి నిర్మల చిత్తాన్ని వివరించి మళ్లీ పంపాడు. ఈసారి మిశ్రుడు మధ్యాహ్నం దాటేదాకా ఆ మాటలు వింటూ కూర్చుండిపోయాడు.

తిరుగు ప్రయాణం, రెండు గ్రంథాలు

పదో రాత్రి గడిచాక, ఉద్యోగం వదిలి పూరీకి రమ్మని రామానందుడికి చెప్పి చైతన్యుడు దక్షిణానికి సాగిపోయాడు. శ్రీరంగంలో చాతుర్మాస్యం గడిపి కన్యాకుమారి వరకూ వెళ్లాడు. తిరువట్టార్ ఆదికేశవాలయంలో ‘బ్రహ్మసంహిత’ ఆయనకు దొరికింది. పండరిపురంలో అన్న విశ్వరూపుడు అక్కడే సిద్ధిపొందాడని తెలిసింది. కృష్ణానది తీరంలోని బ్రాహ్మణుల దగ్గర లీలాశుకుడి ‘శ్రీకృష్ణ కర్ణామృతం’ విని మురిసిపోయి ప్రతి రాయించుకున్నాడు. కృష్ణుడి నుదుటి కస్తూరి బొట్టును వర్ణించే శ్లోకం ద్వారా తెలుగు ఇళ్లలో పిల్లలకు సైతం పరిచయమైన కావ్యమిది.

ఈ రెండు గ్రంథాలతో ఆయన మళ్లీ గోదావరి తీరానికి వచ్చి వాటిని రామానందుడికి చూపించాడు. ఇద్దరూ కలిసి చదువుకున్నారు, రామానందుడు ప్రతులు రాయించుకున్నాడు. దక్షిణాది గ్రంథాలు వంగ వైష్ణవంలోకి వెళ్లిన దారి ఇది.

రామానందుడు ఉద్యోగం వదులుకుంటానని అడిగితే ప్రతాపరుద్రుడు సంతోషంగా అనుమతించి, జీతం మాత్రం యథాప్రకారం ఇస్తానన్నాడు. 1513లో కృష్ణదేవరాయలు ఉదయగిరి ముట్టడి మొదలుపెట్టాడు. 1515లో కొండవీడు పడిపోయింది. 1516 నాటికి ఆయన సింహాచలంలో శాసనం వేయించాడు. రామానందుడు వదిలి వెళ్లిన సీమ ఇలా కొన్నేళ్లకే యుద్ధభూమి అయింది. ఆయన మాత్రం పూరీలో స్వరూప దామోదరుడితో పాటు చైతన్యుడికి చివరిదాకా ఆంతరంగికుడుగా ఉండిపోయాడు. చైతన్యుడు 1533లో పూరీలోనే అంతర్ధానమయ్యాడు.

కొవ్వూరు నేడు

చరితామృతంలో ఉన్న ఊరి పేరు విద్యానగరం. గౌడీయ సంప్రదాయం ఆ చోటును రాజమహేంద్రవరానికి ఎదురుగా, పడమటి ఒడ్డున ఉన్న కొవ్వూరుగా గుర్తిస్తోంది. సింహాచలం వైపు నుంచి వచ్చినవాడు గోదావరి దాటి స్నానం చేశాడన్న వర్ణనకు ఇది సరిపోతుంది. ఆనాటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, వంతెనలు లేవు. ఇంత వెడల్పాటి నదిని పడవ మీదే దాటాలి. కాటన్ ఆనకట్ట పూర్తయింది 1852లో, హేవలాక్ రైలు వంతెన మీద బండ్లు నడిచింది 1900లో, రోడ్డు కం రైలు వంతెన వచ్చింది 1974లో.

కొవ్వూరులోని గోష్పాద క్షేత్రం గౌతమ మహర్షి, గోవు, గోదావరి అవతరణ కథతో ముడిపడిన స్నానఘట్టం. గౌడీయ మఠ స్థాపకుడు భక్తిసిద్ధాంత సరస్వతి (1874–1937) చైతన్యుడు నడిచిన క్షేత్రాల్లో ఆయన పాదపీఠాలు నెలకొల్పే పని చేపట్టి, కొవ్వూరును కూడా అందులో చేర్చారు. రామానందుడి పేరుతో గౌడీయ మఠం అక్కడ ఉంది. భక్తిసిద్ధాంత సరస్వతి శిష్యుడు భక్తివేదాంత స్వామి 1966లో న్యూయార్క్‌లో ఇస్కాన్ స్థాపించారు. ఆయన ఇంగ్లీషులో రాసిన చైతన్య బోధల గ్రంథంలో రామానంద సంవాదానికి పెద్ద చోటు దక్కింది. దాంతో గోదావరి ఒడ్డు మాటలు దేశదేశాల పాఠకులకు చేరాయి. రాజమహేంద్రవరం గౌతమీ ఘాట్‌లో ఇస్కాన్ ఆలయం ఉంది.

2022 జిల్లాల పునర్విభజనతో కొవ్వూరు తూర్పుగోదావరి జిల్లాలోకి వచ్చింది. రాజమహేంద్రవరం నుంచి రైల్లో గానీ బస్సులో గానీ వంతెన దాటితే చేరుకోవచ్చు. 2027 పుష్కరాలకు రెండు ఒడ్డులకూ లక్షల మంది వస్తారు. తీర్థయాత్రలో స్నానం, దర్శనం, దానంతో పాటు సత్సంగాన్ని కూడా మన పెద్దలు చెప్పారు. ఆ సత్సంగానికి వేషం, కులం, పదవి అడ్డు కావని ఈ రేవులోనే ఒక మహాయాత్రికుడు చేసి చూపించాడు. పుష్కర యాత్రికులు కొవ్వూరులో తెలుసుకుని వెళ్లవలసిన సంగతి ఇది.