రెండవ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ముందు రికార్డుల నకలు

విండోస్ 10పై నడచు కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ సంస్థ మామూలుగా ఇచ్చు మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. పంచాయతీ కార్యాలయమున అట్టి పాత యంత్రమున్నచో, విండోసును తొలగింపకయే దాని ప్రక్కన ఉచితముగా లభించు ఉబుంటు వంటి లినక్స్ సిస్టమ్‌ను చేర్చుకొనవచ్చును. యంత్రమును తెరచునపుడెల్ల రెండింటిలో కావలసినదానిని ఎంచుకొనవచ్చును. అయితే ఈ పనికి పూర్వము రికార్డులకు నకలు తీయించుట అత్యవసరమని సభ్యులకు మనవి చేయుచున్నాము.

రెండవ సిస్టమ్‌కు చోటు కల్పించుటకై హార్డ్ డిస్కును తిరిగి విభజింపవలెను. ఉబుంటుకు సుమారు 25 జీబీ చోటు కావలెను. విభజన జరుగుచుండగా కరెంటు పోయినను, డిస్కునంతను తుడిచివేయు పద్ధతిని పొరపాటున ఎంచుకొన్నను రికార్డులు నశింపవచ్చును. ఈ-గ్రామస్వరాజ్‌లో నమోదైన జమాఖర్చులు సర్వరులో నుండును. కాని కార్యాలయమున టైపు చేసిన గ్రామసభ తీర్మానములు, ఇంటిపన్ను బకాయి జాబితాలు, పనుల ఫోటోలు ఆ యంత్రమునందే యుండును.

'డి' డ్రైవులో మరియొక ప్రతి యున్నదిగదా యని కొందరందురు. తరచుగా అది అదే డిస్కులోని వేరొక భాగము మాత్రమే. తిండిగింజలును, విత్తనములును ఒకే గాదెలో నుంచినచో, ఆ గాదెకు నిప్పంటిన రెండును పోవును.

కావున ఈ క్రమమును పాటింపవలెను. మొదట ఫైళ్లన్నిటిని విడి హార్డ్ డిస్కులోనికి నకలు చేయవలెను. ఆ డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించి, కొన్ని ఫైళ్లను తెరచి చదివి చూడవలెను. తెరచి చూడని నకలును నమ్మరాదు. పిమ్మట దానిని యంత్రమునుండి ఊడదీసి బీరువాలో తాళము వేసి యుంచవలెను; అందు ప్రజల సొంత వివరములుండును. వీలైనచో రెండవ నకలును వేరొక భవనమున నుంచుట మేలు.

లినక్స్ చేర్చుటకు సిద్ధపరచు పెన్ డ్రైవులోని పూర్వపు ఫైళ్లు తుడిచిపోవును. కనుక రికార్డుల నకలును దానిలో నుంచరాదు. కొన్ని యంత్రములకు బిట్‌లాకర్ అను తాళముండును. దాని 48 అంకెల రికవరీ కీని ముందుగా కాగితముపై వ్రాసికొననిచో, పిదప డిస్కు తెరచుకొనకపోవచ్చును. పని ముగియువరకు యూపీఎస్ ఆధారముండవలెను.

సిస్టమ్ చేర్చుటకు అనుమతించునపుడు, నకలు ఎక్కడ నున్నది, దానిని ఎవరు తెరచి చూచిరి అని సభ్యులు కార్యదర్శిని అడిగి తెలిసికొందురుగాక. సమాధానము లభించువరకు పనిని ఆపుట యుక్తము.