చూపును చప్పుడు లేకుండా దొంగిలించే నీటికాసులు

"శుక్లం ముదిరాక ఆపరేషన్ చేయించుకుందామని ఆగాను సిస్టరమ్మా."

ఓపీలో నా ఎదుట కూర్చున్న ఒక పెద్దాయన అన్న మాట ఇది. వయసు అరవై దాటింది. రెండేళ్ళుగా కుడి కన్ను మసకబారుతుంటే శుక్లమే అనుకున్నారు. పరీక్ష చేస్తే అది శుక్లం కాదు, నీటికాసులు. అంటే గ్లకోమా. ఆ కంటిలో చూపు దాదాపు పోయింది. "ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు?" అని ఆయన ఆశగా అడిగితే, పోయిన చూపు ఇక తిరిగి రాదని డాక్టరుగారు చెప్పవలసి వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులోనూ ఆ క్షణంలో రోగి ముఖం చూడడం నాకు కష్టమే.

నీటికాసులు అంటే ఏమిటి?

కంటి ముందు భాగంలో ఒక ద్రవం ఎప్పుడూ ఊరుతూ, బయటకు పోతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు. అది పోయే దారి సరిగా పనిచేయకపోతే కంటిలో ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేర్చే నరం దెబ్బతింటుంది. "నా బీపీ బాగానే ఉంది కదా" అంటారు కొందరు. బీపీ వేరు, కంటి ఒత్తిడి వేరు. కంటి ఒత్తిడి సాధారణంగా 10 నుండి 21 మధ్య ఉంటుంది. అంతే ఉన్నా కొందరికి నరం పాడవుతుంది. అందుకే నరాన్ని కూడా చూడాలి.

ముందే ఎందుకు తెలియదు?

చాలామందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు పక్కల నుండి తగ్గుతూ వస్తుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు చాలాకాలం బాగానే కనిపిస్తాయి. ఒక కంటి లోటును రెండో కన్ను కప్పేస్తుంది. ఈ జబ్బు ఉన్నవారిలో అత్యధికులకు ఆ సంగతే తెలియదని ఉమ్మడి రాష్ట్రంలో 1996-2000 మధ్య జరిగిన ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీలో తేలింది.

ఇంకో రకం హఠాత్తుగా వస్తుంది. కంటిలో, తలలో విపరీతమైన నొప్పి, కన్ను ఎర్రబడడం, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి రండి.

ఎవరు జాగ్రత్తపడాలి?

1. నలభై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరు.
2. తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఈ జబ్బు ఉన్నవారు.
3. షుగరు ఉన్నవారు, ఎక్కువ మైనస్ పవర్ అద్దాలు వాడేవారు, కంటికి దెబ్బ తగిలినవారు.
4. దురదకని మెడికల్ షాపులో కొన్న స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేసుకునేవారు.

కళ్ళజోడు నంబరు చూపించుకుంటే సరిపోదు. ఒత్తిడి కొలవాలి, కంటి నరం చూడాలి, అవసరమైతే పక్కచూపు పరీక్ష చేయాలి. నలభై దాటినవారు ఏడాదికో, రెండేళ్ళకో ఒకసారి ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది.

వైద్యం

చుక్కల మందు, లేజర్, ఆపరేషన్. ఇవన్నీ మిగిలిన చూపును కాపాడడానికే. "బాగానే కనిపిస్తోంది" అని చుక్కలు మానేయకండి. చుక్క వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన ఉన్న కంటి మూలను రెండు నిమిషాలు వేలితో అదమండి. రెండు రకాల మందులుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగండి. ఉబ్బసం ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. కొన్ని చుక్కలు దానిని ఎక్కువ చేస్తాయి.

ఆ పెద్దాయనను తమ్ముడిని కూడా తీసుకురమ్మన్నాను. "వాడికేమమ్మా, అద్దాలు లేకుండా పేపరు చదువుతాడు" అన్నారు. అయినా తీసుకొచ్చారు. తమ్ముడికీ జబ్బు మొదలైంది, కానీ నరం ఇంకా పెద్దగా చెడలేదు. ఇప్పుడాయన రోజూ చుక్కలు వేసుకుంటున్నారు. పొద్దున్నే పేపరు తాను చదివి, అన్నగారికి వినిపిస్తున్నారట.

మీ ఇంట్లో నలభై దాటినవారు ఎవరున్నారో ఈ రోజే ఒకసారి లెక్క చూసుకోండి.