మరోదా తెలుగువారి మూలాలు: తాత ఊరు నేడు ఏ జిల్లాలో?

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఆ కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చిన సామాన్య కార్మికుల మూలాలను మరోదాలోని మనవలు తెలుసుకోవడం ఎలా?

డెన్మార్క్‌లో సాధారణ రైతు వివరాలు సైతం చర్చి రిజిస్టర్లలో, పాత జనగణన పత్రాల్లో లభిస్తాయి. భారత్‌లో 1948 నాటి చట్టం ప్రకారం జనగణనలోని వ్యక్తిగత వివరాలు గోప్యం. అందువల్ల తాత ఉద్యోగ పత్రాల్లోని స్వగ్రామ చిరునామాయే తొలి ఆధారం.

అందులో ‘శ్రీకాకుళం జిల్లా’ అని ఉన్నా, ఆ ఊరు 1979లో ఏర్పడిన విజయనగరంలోనో, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యంలోనో ఉండవచ్చు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. కాబట్టి ముందుగా నేటి మండలాన్ని గుర్తించి, ఇంటిపేరు, తండ్రి పేరు ఆధారంగా పాఠశాల ప్రవేశ రిజిస్టరు, భూమి రికార్డులు పరిశీలించాలి. అంతకన్నా ముందు ఇంట్లోని పెద్దల జ్ఞాపకాలను నమోదు చేయాలి. వాటికి నకలు దొరకదు.