బడ్గాము వీరుడు

పల్నాటివీరుల కథయు బొబ్బిలికథయు వినుచు పెరిగినవారము మనము. వీరుడనగా శత్రువులను పెక్కండ్రను గూల్చినవాడని తలచుట మనకు పరిపాటి. ఎవరిని కాచుటకు ప్రాణమొడ్డెనో అదియే శౌర్యమునకు కొలత యని నా తలంపు. మేజరు సోమనాథశర్మ చరిత్రము దీనికి నిదర్శనము.

1947 అక్టోబరులో కాశ్మీరమున జొరబడిన సాయుధులు బారాముల్లాను దోచి శ్రీనగరము దెసకు సాగిరి. అక్టోబరు 27వ తేదీన మన సేనలు విమానములలో నచ్చట దిగ నారంభించెను. త్వరితముగా బలములను జేర్చుటకు శ్రీనగర విమానాశ్రయమే దిక్కు. అది చేజారినచో నగరమును నిలుపుట దుర్ఘటము.

శర్మ కాంగ్డా సీమవాడు. కుమాయూను రెజిమెంటు నాలుగవ పటాలములో నొక కంపెనీకి నాయకుడు. హాకీ ఆటలో ఎముక విరిగి ఆయన యెడమచేతికి కట్టుండెను. అయినను తన జవానులతో పోవుటకే పట్టుబట్టి యనుమతి పొందెను.

నవంబరు 3వ తేదీన బడ్గాము గ్రామము కడ నున్న ఆ కంపెనీపై వందలకొలది శత్రువులు మూడు వైపులనుండి పడిరి. శర్మ తుపాకిగుండ్ల నడుమ తిరుగుచు జవానులకు ధైర్యము చెప్పెను. శత్రువులు చూచుచుండగనే నేలపై గుడ్డలు పఱచి, మన విమానములకు గుఱి చూపెను. జవానులు కూలి బలము తగ్గగా, విరిగిన చేతితోనే మరతుపాకులకు తూటాలు నింపి యందించెను. శత్రువులు ఏబది గజముల దూరమున నున్నారనియు, అంగుళమైన వెనుకకు జరుగననియు, కడపటి మనిషి, కడపటి తూటా వఱకు పోరెదననియు పై యధికారులకు కబురంపెను. కొలది క్షణములకు మందుగుండు నడుమ మోర్టారు గుండు పడి పేలగా నేలకొరిగెను. అప్పటికాయన వయస్సు 24 ఏండ్లు.

ఆ ప్రతిఘటనము శత్రువులను ఆఱు గంటలు నిలిపెను. ఆ వ్యవధిలో తోడుబలములు హుమ్‌హమా కడ నెలకొనెను. విమానాశ్రయము దక్కెను, నగరము దక్కెను. పరమవీరచక్రమును పొందిన మొదటివాడు శర్మయే.

వఱదరేయి చెఱువుకట్ట తెగనున్నపుడు, తెల్లవాఱువఱకు మట్టివేసి నిలిచినవాడు ఊరిని కాచును. శర్మ చేసినదియు నట్టిదే. రచ్చబండ కడ పిల్లలకు వీరకథలు చెప్పునపుడు, ఎందఱను చంపెనని కాక, ఎవరిని కాచెనని చెప్పుడని నా మనవి.